యాప్‌ల చందాలను చక్కదిద్దుకుని, చిన్న డెవలపర్లకు అండగా నిలవడం ఎలా?

బెంగళూరులో కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికి నెల మొదటి వారం ఎలా గడుస్తుందో, మారతహళ్లిలో పదకొండేళ్లుగా ఉంటున్న నాకు బాగా తెలుసు. అద్దె, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, బెస్కాం కరెంటు బిల్లు, స్కూలు వ్యాను, నందిని పాల లెక్క, ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు, ఇవన్నీ మనం చూసి, లెక్కపెట్టి కట్టేవి. వీటి సందులోంచి ఒకచోట 59, ఇంకోచోట 149, మరోచోట 299 చొప్పున మనం చూడకుండానే వెళ్లిపోయే మొత్తాలు కొన్ని ఉంటాయి. సినిమాలకు, పాటలకు, ఫొటోలు దాచుకోవడానికి, పిల్లల చదువుకు, వ్యాయామానికి, చివరికి ఫోనులో నోట్స్ రాసుకోవడానికి కూడా ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ కట్టవలసి వస్తోంది.

దీనివల్ల విసుగు పుట్టడం సహజం. అయితే ఆ విసుగులో మనం మొదట రద్దు చేసేది ఏమిటో ఒకసారి గమనించండి. పెద్ద కంపెనీల చందాలు ఇంటిల్లిపాదీ చూస్తారని అలాగే ఉండిపోతాయి. ఒక్క మనిషి ఉద్యోగం చేసుకుంటూ, రాత్రుళ్లు కూర్చుని తయారుచేసిన యాప్‌కు ఏడాదికి కట్టే 300 రూపాయలు మాత్రం వెంటనే కంటికి కనబడతాయి, వెంటనే తెగిపోతాయి. అనవసరపు చందాలను వదిలించుకోవడం, అవసరమైన చిన్న యాప్‌ను నిలబెట్టడం ఒకే పనిలో రెండు సగాలని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసంలో రెండింటినీ కలిపి చెబుతున్నాను.

పాత చందాకూ, కొత్త చందాకూ తేడా గుర్తుంచుకోండి

చందా మనకు కొత్తది కాదు. ఇంటికి వారపత్రికో, మాసపత్రికో తెప్పించుకున్నవారికి ఏడాది చందా అంటే ఏమిటో తెలుసు. గడువు దగ్గర పడితే మీ చందా ముగియబోతోందని పత్రికవాళ్లు రాసేవారు, మనం మళ్లీ మనియార్డరు పంపితేనే పత్రిక వచ్చేది. పంపకపోతే ఆగిపోయేది. అంటే అక్కడ మౌనానికి అర్థం ‘వద్దు’ అని. ఇప్పటి ఆటోపే చందాలో మౌనానికి అర్థం ‘కావాలి’ అని మారింది. విసుగుకు అసలు మూలం ఈ తలకిందుల ఏర్పాటులో ఉందని, ధరలో అంతగా లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. అడోబీ సంస్థ 2013లో తన ముఖ్యమైన సాఫ్ట్‌వేర్‌ను డబ్బాల్లో అమ్మే పద్ధతి మాని చందా పద్ధతికి మళ్లింది. యాపిల్ 2016లో తన యాప్ స్టోర్‌లో అన్ని రకాల యాప్‌లూ చందా వసూలు చేసుకునే వీలు కల్పించింది. ఆ తరువాత పెద్దవాళ్ల వెనుకే చిన్నవాళ్లూ అదే దారి పట్టారు. చిన్నవాళ్లు ఎందుకు పట్టవలసి వచ్చిందో కాసేపట్లో చెబుతాను.

మొదటి పని: అన్ని చందాలనూ ఒకేచోట రాసుకోండి

ఒక ఆదివారం పొద్దున గంటన్నర తీరిక చేసుకుని, ఇంట్లోని ఫోన్లన్నీ బల్లమీద పెట్టుకుని, ఒక నోటుపుస్తకం తీసుకోండి. దీనికి కూడా ఒక యాప్ వెతకవలసిన అవసరం లేదు. చందాలు సాధారణంగా నాలుగు చోట్ల దాగి ఉంటాయి, నాలుగింటినీ చూడకపోతే లెక్క తేలదు.

మొదటిది యాప్ స్టోర్. ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపున ఉన్న మీ బొమ్మను నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’ లోపల ‘సబ్‌స్క్రిప్షన్స్’ చూడండి. ఐఫోనులో అయితే సెట్టింగ్స్ తెరిచి, పైన కనిపించే మీ పేరును నొక్కితే ‘సబ్‌స్క్రిప్షన్స్’ కనిపిస్తుంది. ఒక ఫోనులో రెండు గూగుల్ ఖాతాలు ఉంటే రెండింటినీ విడివిడిగా చూడాలి. ఆఫీసు ఖాతా, పాత కాలేజీ రోజుల ఖాతా, పిల్లల కోసం తెరిచిన ఖాతా, వీటిలోనే మరిచిపోయిన చందాలు ఎక్కువగా దొరుకుతాయి.

రెండవది యూపీఐ. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ 2020 జూలైలో యూపీఐ ఆటోపేను ప్రవేశపెట్టింది. ఒకసారి పిన్ కొట్టి మ్యాండేట్, అంటే ముందస్తు అనుమతి ఇస్తే, తరువాతి నెలల్లో డబ్బు తనంతట తానే కట్ అవుతుంది. మీరు వాడే ప్రతి యూపీఐ యాప్‌లోనూ ప్రొఫైల్ భాగంలో ‘ఆటోపే’ అనో, ‘మ్యాండేట్స్’ అనో ఒక చోటు ఉంటుంది. అక్కడ అమలులో ఉన్న ప్రతి మ్యాండేట్‌నూ రాసుకోండి.

మూడవది క్రెడిట్, డెబిట్ కార్డులు. ఇక్కడ గత నెల స్టేట్‌మెంట్ ఒక్కటి చూస్తే చాలదు, పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు చూడాలి. ఏడాదికోసారి కట్ అయ్యే 1,499, 2,999 వంటి పెద్ద మొత్తాలు అప్పుడే బయటపడతాయి. నాలుగవది మొబైల్ రీచార్జి, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ప్యాకేజీ. వీటితోపాటు ఏదైనా చందా ఇప్పటికే వస్తూ ఉంటే, అదే చందాను మీరు విడిగా మరోసారి కడుతున్నారేమో చూసుకోండి. మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు కుటుంబాలు కలిసి ఈ లెక్క చూసుకున్నప్పుడు ఇద్దరి ఇళ్లలో ఇలాంటి రెట్టింపు చెల్లింపులు బయటపడ్డాయి.

ఈ పనిలో రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటి మీకు బాగా ఉపయోగపడుతుంది. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డులమీద పదేపదే జరిగే చెల్లింపులకు, డబ్బు కట్ అయ్యే కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం పంపాలి, ఆ చెల్లింపు వద్దనుకునే వీలు కూడా అందులోనే ఇవ్వాలి. ఓటీపీ లేకుండా ఇలా కట్ అయ్యే మొత్తానికి అప్పట్లో 5,000 రూపాయలు పరిమితిగా ఉండేది, 2022 జూన్‌లో దానిని 15,000కు పెంచారు. ఆ ముందస్తు సందేశం మీకూ వస్తూనే ఉంటుంది, కానీ బ్యాంకు ఆఫర్ల సందేశాల కింద కనబడకుండా పోతుంది. కనుక మీ ఎస్‌ఎంఎస్‌లలోనూ, ఈమెయిల్‌లోనూ ‘మ్యాండేట్’, ‘ఆటోపే’, ‘రిన్యూవల్’ అనే మాటలను ఇంగ్లీషు అక్షరాలతో వెతికి చూడండి.

నోటుపుస్తకంలో ప్రతి చందాకూ పేరు, మొత్తం, కట్ అయ్యే తేదీ, ఏ దారిలో కట్ అవుతోంది, ఇంట్లో ఎవరు వాడుతున్నారు అనే అయిదు విషయాలు రాయండి. నెలవారీ మొత్తాన్ని తప్పకుండా పన్నెండుతో గుణించి పక్కన వేయండి. 149 రూపాయలు చిన్న మొత్తంగానే తోస్తుంది, 1,788 అని రాసిచూస్తే ఆలోచన మొదలవుతుంది.

రెండవ పని: ఏది ఉంచాలో తేల్చుకోండి

ఫోనులోనే ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ లేదా ‘స్క్రీన్ టైమ్’ అనే చోట ఏ యాప్‌ను ఎంతసేపు వాడారో కనిపిస్తుంది. అయితే వాడిన సమయం ఒక్కటే కొలత కాకూడదు. ఇంటి జమాఖర్చులు రాసుకునే యాప్‌ను రోజుకు రెండు నిమిషాలే తెరుస్తాం, అయినా అది లేకపోతే ఇబ్బంది పడతాం. చిన్న వీడియోల యాప్‌ను గంటలు గంటలు చూస్తాం, అది లేకపోయినా ఏమీ పోదు. కనుక ‘ఇది రేపు మాయమైతే నాకు ఏ పని ఆగుతుంది?’ అని ప్రతిదానికీ ప్రశ్న వేసుకోండి.

ఆ తరువాత రెండవ ప్రశ్న వేసుకోవాలి: ‘ఈ యాప్‌ను నడపడానికి చేసినవారికి నెలనెలా ఖర్చు ఉందా?’ మీ సమాచారాన్ని తమ సర్వర్‌లో దాచి నాలుగు ఫోన్లకూ అందించే యాప్‌కు, రోజూ కొత్త వార్తలో, మ్యాపులో, పాఠాలో ఇచ్చే యాప్‌కు ఖర్చు ఆగకుండా ఉంటుంది, చందా అడగడం న్యాయమే. అంతా మీ ఫోనులోనే జరిగిపోయే క్యాలిక్యులేటర్, నోట్స్, అలారం వంటి వాటికి ఒకేసారి డబ్బు తీసుకుని ఇవ్వడం సబబని చాలామంది భావిస్తారు, నేనూ కొన్నేళ్ల కిందటి వరకు అదే అనుకునేవాణ్ని.

కానీ ఇక్కడ బయటికి కనిపించని పని ఒకటి ఉంది. ఆండ్రాయిడ్, ఐఓఎస్ ఏటా కొత్త వెర్షన్లతో వస్తాయి. కొత్త ఆండ్రాయిడ్‌కు తగినట్టు యాప్‌లను ఎప్పటికప్పుడు మార్చి తీరాలని గూగుల్ ప్లే ఏటేటా గడువు పెడుతుంది, అలా మార్చని యాప్ కొత్త ఫోన్లవారికి స్టోర్‌లో కనబడకుండా పోతుంది. అంటే కొత్త సౌకర్యం ఒక్కటీ చేర్చకపోయినా, ఉన్న యాప్‌ను ఉన్నట్టు నిలబెట్టడానికే ఏటా కొన్ని వారాల పని పడుతుంది. పదేళ్ల కిందట 100 రూపాయలకు ఒకసారి అమ్మిన యాప్‌కు ఇవాళ్టికీ ఆ పని చేస్తున్న మనిషిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఆయన చందా పద్ధతికి మారితే కోపగించుకునే ముందు ఈ సంగతి తలచుకోండి.

మూడవ పని: సరిగ్గా రద్దు చేయండి

యాప్‌ను ఫోనులోంచి తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదు. చాలామంది ఈ పొరపాటువల్ల డబ్బు పోగొట్టుకుంటారు. ముందుగా చందా ఎక్కడ మొదలయిందో అక్కడే, అంటే ప్లే స్టోర్‌లోనో, యాప్ స్టోర్‌లోనో, ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనో రద్దు చేయండి. తరువాత యూపీఐ మ్యాండేట్ గానీ, కార్డు మ్యాండేట్ గానీ ఉంటే దానిని కూడా రద్దు చేయండి. మ్యాండేట్ ఒక్కటే రద్దు చేస్తే సంస్థ పుస్తకాల్లో మీరు బాకీ ఉన్నట్టు కనబడి, ‘చెల్లింపు విఫలమైంది’ అని సందేశాలు వస్తూనే ఉంటాయి. ప్లే స్టోర్‌లో రద్దు చేసినా, కట్టిన గడువు ముగిసేవరకు యాప్‌ను వాడుకోవచ్చు, కాబట్టి ఆఖరి రోజు వరకు ఆగవలసిన పనిలేదు. ఐఫోనులో అయితే గడువుకు కనీసం ఒక రోజు ముందే రద్దు చేయాలి.

రద్దుకు ముందు మీ సమాచారాన్ని బయటికి తీసుకోండి. నోట్స్, జమాఖర్చులు, ఫొటోలు ఏవైనా సరే ‘ఎక్స్‌పోర్ట్’ అనే సౌకర్యంతో మీ దగ్గర ఒక కాపీ పెట్టుకున్న తరువాతే మిగతా పని చేయండి.

ఫ్రీ ట్రయల్ విషయంలో నా అనుభవం చెబుతాను. రెండేళ్ల కిందట ఒక వ్యాయామపు యాప్‌లో ఏడు రోజుల ఉచిత వాడకానికి ఒప్పుకున్నాను. ఎనిమిదో రోజున ఏడాది మొత్తం ఒకేసారి కట్ అయింది. రద్దు చేయబోతే ‘మీ ఆరోగ్యం మీకు ముఖ్యం కాదా?’ అని అడిగే తెర ఒకటి, తగ్గింపు ధర చూపే తెర ఇంకొకటి, కారణం రాయమనే తెర మరొకటి వచ్చాయి. అసలు బటన్ లేత బూడిదరంగులో, తెల్లని తెరమీద దాదాపు కనిపించకుండా ఉంది. అప్పటినుంచి ట్రయల్ మొదలుపెట్టిన నిమిషంలోనే ఫోను క్యాలెండర్‌లో గడువుకు రెండు రోజుల ముందు గుర్తుచేసేలా రాసుకుంటున్నాను. మీరూ అలా చేయండి.

ఇలాంటి ఎత్తులకు మనదేశంలో చట్టపరమైన అడ్డుకట్ట ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్‌పై మార్గదర్శకాలు జారీచేసి, 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొంది. రద్దు చేయడాన్ని కావాలని కష్టతరం చేసే ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ వాటిలో ఒకటి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. తెరల స్క్రీన్‌షాట్లు, డబ్బు కట్ అయిన తేదీ దగ్గర పెట్టుకుని చేయండి.

డబ్బు వాపసు కావాలంటే త్వరపడాలి. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల లోపు స్టోర్ ద్వారానే రిఫండ్ అడగవచ్చు, ఆ తరువాత అయితే డెవలపర్‌కు రాయాలి. యాపిల్‌కు ‘రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్’ అనే పేజీ ఉంది. అయితే యాప్ ఒక చిన్న డెవలపర్‌ది అయితే, బ్యాంకులో ఫిర్యాదు పెట్టేముందు ఆయనకే ఒక మర్యాదైన ఈమెయిల్ రాయండి. ప్లే స్టోర్‌లో డెవలపర్ తానే రిఫండ్ ఇవ్వగలరు. బ్యాంకు వివాదంగా మారిన 200 రూపాయలు ఆయనకు అంతకు మించిన తలనొప్పి తెచ్చిపెడతాయి.

నాలుగవ పని: మిగిలిన డబ్బులోంచి ఒక పద్దు పెట్టండి

రద్దు చేసినవాటివల్ల ఏడాదికి ఎంత మిగిలిందో నోటుపుస్తకం చెబుతుంది. అందులో నాలుగోవంతును ‘చిన్న యాప్‌లు’ అనే పేరుతో ఒక పద్దుగా పెట్టుకోండి. మా ఇంట్లో అది ఏడాదికి 1,500 రూపాయలు. మొత్తం ఎంతన్నది ముఖ్యం కాదు, ముందే అనుకుని పెట్టుకోవడం ముఖ్యం. అలా పెట్టుకున్నాక ప్రతి యాప్ దగ్గరా ‘ఇది కూడానా?’ అనే చిరాకు రాదు, పద్దులో ఉన్నంతవరకు ఇష్టంగా ఇవ్వగలుగుతాం.

ఇచ్చిన డబ్బు ఎక్కడికి వెళుతుందో కూడా తెలుసుకోవాలి. యాపిల్, గూగుల్ చాలాకాలం డిజిటల్ అమ్మకాలమీద 30 శాతం కమీషన్ తీసుకున్నాయి. చిన్న డెవలపర్ల నుంచి ఒత్తిడి పెరిగాక, ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు సంపాదించేవారికి యాపిల్ 2021 జనవరి నుంచి దానిని 15 శాతానికి తగ్గించింది. గూగుల్ 2021 జూలై నుంచి ప్రతి డెవలపర్‌కూ మొదటి 10 లక్షల డాలర్లమీద 15 శాతమే తీసుకోవడం మొదలుపెట్టింది. ఇవికాక యాప్ స్టోర్‌లో యాప్ ఉంచడానికి డెవలపర్ ఏటా 99 డాలర్లు కట్టాలి, గూగుల్ ప్లేలో ఒకసారి 25 డాలర్లు కడితే సరిపోతుంది. మన రూపాయల్లో ఏడాదికి 299 కట్టేవారు ముప్పైమందికి పైగా దొరికితే తప్ప, ఐఫోను యాప్ పెట్టిన డెవలపర్‌కు ఆ సభ్యత్వ రుసుము కూడా తిరిగిరాదు. నాకు ఈ లెక్క వేసుకున్నాకే ఒక్క చందాదారుకు ఎంత విలువ ఉందో అర్థమయింది.

కొందరు డెవలపర్లు తమ వెబ్‌సైట్‌లో నేరుగా యూపీఐ ద్వారా విరాళం తీసుకుంటారు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులమీద వ్యాపారుల నుంచి ఎండీఆర్ రుసుము తీసుకోవడం లేదు కనుక, ఆ దారిలో ఇచ్చింది దాదాపు మొత్తం చేరుతుంది. రెండు దారులూ ఉంటే ఏది తమకు మేలో ఆ డెవలపర్‌నే అడగండి. స్టోర్ ద్వారా కొన్నవారికే యాప్‌లోని అదనపు సౌకర్యాలు తెరుచుకునే ఏర్పాటు ఉండవచ్చు.

నెలవారీ, ఏడాది, జీవితకాలం అని మూడు ధరలు ఉంటే ఏది తీసుకోవాలని మా బంధువుల పిల్లలు తరచు అడుగుతుంటారు. కొత్త యాప్ అయితే రెండు నెలలు నెలవారీగా కట్టి చూసి, నచ్చితే ఏడాదికి మారండి. ఫోనులోనే పనిచేసే యాప్‌కు జీవితకాల ధర పెడితే సంతోషంగా తీసుకోండి. సర్వర్ మీద నడిచే యాప్‌కు మాత్రం జీవితకాల ధర నాకు నమ్మకం కలిగించదు, ఎందుకంటే ఒకసారి వచ్చిన డబ్బుతో ఏటా వచ్చే ఖర్చును ఎవరూ ఎక్కువకాలం మోయలేరు.

అయిదవ పని: ఇవ్వదగినవారిని గుర్తించండి

స్టోర్‌లో ‘చిన్న డెవలపర్’ అనే ముద్ర ఏదీ ఉండదు, కనుక మనమే చూసుకోవాలి. ప్లే స్టోర్‌లో యాప్ పేజీ కిందికి వెళితే డెవలపర్‌ను సంప్రదించే వివరాలు, ఆయన చేసిన ఇతర యాప్‌లు కనిపిస్తాయి. ఒకటో రెండో యాప్‌లు, తరచు వచ్చే అప్‌డేట్లు, ‘కొత్తగా ఏముంది’ అనేచోట మనిషి రాసినట్టున్న మాటలు, రివ్యూలకు ఓపికగా ఇచ్చిన జవాబులు, ఇవి మంచి గుర్తులు. ఒకే రూపంలో నలభై యాప్‌లు, ప్రతిదానిలోనూ మూడు రోజుల ట్రయల్ తరువాత వారానికి ఇంత అని వసూలు ఉంటే దూరంగా ఉండండి. వారంవారీ చందాను నేను ఎప్పుడూ నమ్మను. ‘డేటా సేఫ్టీ’ భాగంలో ఆ యాప్ ఏ సమాచారం తీసుకుంటోందో చదవండి. క్యాలిక్యులేటర్‌కు మీ కాంటాక్టులతో పని ఉండదు.

ఒకసారి మంచిదని తేలిన యాప్ ఎప్పటికీ అదే చేతుల్లో ఉండకపోవచ్చు. సింపుల్ మొబైల్ టూల్స్ అనే ఓపెన్‌సోర్స్ ఆండ్రాయిడ్ యాప్‌ల వరుసను 2023 చివరలో మరో సంస్థకు అమ్మేశారు. చాలామంది వాడుకదారులు కలత చెందారు. అయితే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నందువల్ల, దానిపై పనిచేసినవారు ‘ఫాసిఫై’ పేరుతో అవే యాప్‌లను కొనసాగించారు. కాబట్టి ఏడాదికోసారి చందా పునరుద్ధరించేముందు డెవలపర్ పేరు మారిందేమో చూసుకోండి.

ఉచితంగా దొరికే ఓపెన్‌సోర్స్ యాప్‌లను కూడా ఈ పద్దులో మరిచిపోకూడదు. ఓపెన్‌సోర్స్ యాప్‌ల స్టోర్ అయిన ఎఫ్-డ్రాయిడ్‌లో దొరికేవి అయినా, మనమంతా ఏళ్ల తరబడి సినిమాలు చూసిన వీఎల్‌సీ అయినా విరాళాలమీద ఆధారపడేవే. ఈ విషయంలో బెంగళూరు గర్వించదగ్గ పని ఒకటి జరిగింది: ఇక్కడి స్టాక్ బ్రోకరింగ్ సంస్థ జెరోధా 2024 అక్టోబర్‌లో ‘ఫ్లాస్/ఫండ్’ అనే నిధిని ప్రకటించి, ప్రపంచంలో ఎక్కడివైనా సరే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్లు కేటాయిస్తోంది. మనం ఇవ్వగలిగేది వందల్లోనే కావచ్చు, అయినా ఆ వందలు వచ్చే చోటు ఆ డెవలపర్‌కు తెలుస్తుంది.

ఆరవ పని: డబ్బుతోపాటు మాట కూడా ఇవ్వండి

మా అమ్మ ఒంగోలు నుంచి మా దగ్గరికి వచ్చాక ఒక తెలుగు పంచాంగం యాప్ వాడుతోంది. ఒకరోజు రాహుకాలం తప్పు చూపుతోందని చెప్పింది. రాహుకాలం అంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్ని బట్టి అందులో ఒక భాగాన్ని తీసుకునే లెక్క. ఊరు మారితే సూర్యోదయం మారుతుంది, రాహుకాలమూ కొన్ని నిమిషాలు జరుగుతుంది. చూడబోతే, ఫోను ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ యాప్‌లో ఊరు బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు మారిపోతోంది. నాకు మొదట ఒక్క నక్షత్రం పెట్టి ‘పనికిరాదు’ అని రాయాలనిపించింది. రాయలేదు, డెవలపర్‌కు ఈ ఈమెయిల్ పంపాను:

‘నమస్తే అండి. ఫోను ఆండ్రాయిడ్ 13. సెట్టింగ్స్‌లో ఊరు బెంగళూరు అని ఎంచుకున్నాను. ఫోను ఆపి మళ్లీ వేశాక ఊరు హైదరాబాద్ అని చూపుతోంది. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అలాగే జరిగింది. దీనివల్ల రాహుకాలం సమయాలు మారుతున్నాయి. ముందు, తరువాత తీసిన రెండు స్క్రీన్‌షాట్లు, యాప్ వెర్షన్ కనిపించే తెర జతచేశాను. మా అమ్మగారు రోజూ మీ యాప్ చూస్తారు.’

రెండు రోజులకు జవాబు వచ్చింది. ఎన్నాళ్లుగానో కొందరు ‘టైమ్ తప్పు’ అని మాత్రమే రాస్తున్నారనీ, ఎక్కడ తప్పో ఇప్పుడే తెలిసిందనీ రాసి, తరువాతి వారం సరిచేసిన వెర్షన్ పంపి చూడమన్నారు. ఒక మంచి ఫిర్యాదులో ఉండవలసినవి ఇవే: ఏ ఫోను, ఏ వెర్షన్, మీరు ఏం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది, దానికి సాక్ష్యం. తెలుగు యాప్‌లలో ఒత్తులు విడిపోవడం, అక్షరాల పైభాగం తెగిపోవడం వంటివి కొన్ని ఫోన్లలోనే కనిపిస్తాయి కనుక, అక్కడ స్క్రీన్‌షాట్ లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు.

రివ్యూ రాసేటప్పుడు ‘సూపర్’ అని వదిలేయకుండా, మీకు ఏ పనికి ఉపయోగపడిందో రెండు వాక్యాలు రాయండి. ధర నచ్చలేదని ఒక్క నక్షత్రం పెట్టకండి. లోపాన్ని సరిచేశాక మీ పాత రివ్యూను తప్పక మార్చండి, చాలామంది ఈ చివరి పని మరిచిపోతారు.

ఏడవ పని: మీ గ్రూపును ఉపయోగించండి

బెంగళూరులో తెలుగువారి వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపు లేని పేట ఉండదేమో. ఆ గ్రూపులు ఒక చిన్న డెవలపర్‌కు చేయగలిగిన మేలు ఒకటి చాలామందికి తెలియదు. 2023 నవంబర్ 13 తరువాత గూగుల్ ప్లేలో వ్యక్తిగత ఖాతా తెరిచిన డెవలపర్, తన యాప్‌ను అందరికీ విడుదల చేయడానికి ముందు కొంతమంది చేత వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలి. మొదట 20 మంది కావాలన్నారు, 2024 డిసెంబర్‌లో 12 మందికి తగ్గించారు. కుందలహళ్లి పీజీలో ఉంటూ మొదటి యాప్ రాసుకున్న కుర్రవాడికి ఆ 12 మంది దొరకడమే పెద్ద గండం. గ్రూపులో ఎవరైనా ఇలా అడిగితే చేరండి, 14 రోజులూ మధ్యలో తప్పుకోకండి, నిజంగా వాడి చూసి లోపాలు చెప్పండి.

అదే గ్రూపులో డబ్బు కట్టవలసిన యాప్‌ల ‘మోడ్’ ఏపీకే ఫైళ్లు, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా ఎవరో మార్చిన నకళ్లు తిరుగుతుంటాయి. వాటిని పంపకండి, ఎవరైనా పంపితే ఆ యాప్ అసలు ధర ఎంతో మర్యాదగా చెప్పండి. అలాంటి ఫైల్‌లో ఏం కలిపారో తెలియదు, మన బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోనులోనే దానిని వేసుకుంటాం. పంచుకోవాలనుకుంటే న్యాయమైన దారి ఉంది: యాపిల్ ఫ్యామిలీ షేరింగ్‌లోనూ, గూగుల్ ప్లే ఫ్యామిలీ గ్రూపులోనూ మీతో కలిపి ఆరుగురు ఉండవచ్చు. డెవలపర్ అనుమతించినచోట ఒక్కరు కొంటే ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు.

గ్రూపులో మీ యాప్ గురించి మీరే చెప్పుకోదలచుకుంటే, ‘ఇది నేను చేసింది’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి, ధర దాచకండి, ఒకసారి చెప్పి ఆగండి. వినేవారు ‘ఉచితంగా కోడ్ ఇవ్వు తమ్ముడూ’ అని అడగకుండా ఉంటే చాలా మంచిది. తెలిసినవాళ్లకు ఉచితం, తెలియనివాళ్లకు ధర అయితే, మొదటి ఏడాదిలో ఆ కుర్రవాడికి కొనేవాళ్లే ఉండరు.

ఏటా ఒకసారి మళ్లీ చూడండి

మేము ఈ లెక్కకు ఉగాదికి ముందు ఆదివారాన్ని పెట్టుకున్నాం. పాత నోటుపుస్తకం తెరిచి, నిరుడు రాసిన ప్రతి వరుస పక్కన ‘వాడుతున్నాం’, ‘వద్దు’, ‘అమ్మను అడగాలి’ అని రాస్తాం. చిన్న యాప్‌ల చందాలకు నేను ఆటోపే పెట్టను, తేదీ క్యాలెండర్‌లో వేసుకుని నేనే కడతాను. స్టోర్ చందా అయితే, కట్టిన మరునాడే ఆటో రిన్యూవల్ ఆపి, గడువు ముగిసే వారంలో మళ్లీ మొదలుపెడతాను. అప్పుడు ఆ డెవలపర్‌కు రెండు వాక్యాలు రాయడానికి కూడా వీలు చిక్కుతుంది.

కొన్నేళ్లకు ఏదో ఒక యాప్‌ను ఆపేస్తున్నట్టు డెవలపర్ నుంచి సందేశం రావచ్చు. అలా వస్తే వెంటనే మీ సమాచారాన్ని ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, మిగిలిన గడువుకు డబ్బు వాపసు అడగాలో వద్దో మీ ఇష్టానికి వదిలేస్తాను. కోడ్‌ను అందరికీ అందుబాటులో పెట్టే ఆలోచన ఉందేమో ఒక్కసారి అడిగి చూడండి, మీ గ్రూపులో దానిని చేపట్టగలవారు ఎవరైనా ఉంటే ఇద్దరినీ ఒకరికొకరిని పరిచయం చేయండి.